ముందు కెరటం... తర్వాతే టికెట్!

"నాన్నా, ఈసారి సెలవులకు ఫ్రెండ్సంతా కలిసి శ్రీలంక వెళ్తున్నాం. సర్ఫింగ్ నేర్చుకుంటాం!"

డిగ్రీ చదివే అబ్బాయో, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయో రాత్రి భోజనాల దగ్గర ఈ మాట అన్నారనుకోండి. వడ్డిస్తున్న అమ్మ చేతిలో గరిటె ఆగిపోతుంది. నాన్న టీవీ సౌండు తగ్గిస్తారు. "సముద్రంతో ఆటలేంట్రా?" అన్నది మొదటి ప్రశ్న. "ఇంతకీ ఎంతవుతుంది?" అన్నది రెండోది.

రెండూ సబబైన ప్రశ్నలే. కానీ "వద్దంటే వద్దు" అని కొట్టిపారేస్తే పిల్లలు చెప్పకుండా వెళ్తారు. "నీ ఇష్టం" అని వదిలేస్తే ఏమీ తెలియకుండా వెళ్తారు. అందుకే మూడో దారి చూద్దాం. ఒక క్యాలెండరు, ఒక మ్యాపు ముందు పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చోండి. సర్ఫింగ్ ప్రయాణానికి ప్లానింగ్ ఎలా చేయాలో ఈ వారం శ్రీలంకనే ఉదాహరణగా తీసుకుని చెప్పుకుందాం. చెన్నై నుంచి విమానంలో గంటన్నర దూరం. నీళ్లు ఏడాది పొడవునా గోరువెచ్చగా ఉంటాయి. మొదటిసారి బోర్డు ఎక్కేవాళ్లకూ, ఆరితేరినవాళ్లకూ తగిన అలలు ఒకే దేశంలో దొరుకుతాయి.

సెలవులు కాదు, సీజన్ చూడండి

ఊటీకి ఏ నెలలో వెళ్లినా ఊటీ అక్కడే ఉంటుంది. కెరటం అలా కాదు. అదే తీరం డిసెంబరులో పిల్లల్ని ఆడించే పెద్దమ్మలా ఉంటుంది, జులైలో అలజడిగా, మురికిగా, ప్రమాదకరంగా మారిపోతుంది. కారణం రుతుపవనాలు.

శ్రీలంకకు మనలాగే రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు. అప్పుడు నైరుతి, దక్షిణ తీరాల్లో గాలి సముద్రం మీంచి నేలవైపు వీస్తుంది. అలలు చెదిరిపోతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలులు. అప్పుడు తూర్పు తీరానిది అదే పరిస్థితి. అందుకే వెలిగామ, మిడిగామ, హిక్కడువ వంటి దక్షిణ, నైరుతి తీరాలకు నవంబరు నుంచి ఏప్రిల్ వరకూ వెళ్లాలి. తూర్పున ఉన్న ఆరుగం బే వైపు ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు దాకా వెళ్లాలి.

అంటే సంక్రాంతి సెలవులకైతే వెలిగామ, వేసవి సెలవుల చివర్లో అయితే ఆరుగం బే. ఈ ఒక్క సంగతి చూసుకోకుండా చవగ్గా వచ్చిందని జూన్‌లో దక్షిణ తీరానికి టికెట్ కొంటే, అక్కడ రోజంతా వాన చూస్తూ టీ తాగాల్సిందే. ఖాళీగా కూర్చోలేక కుర్రకారు నీళ్లలోకి దిగితే ఇంకా ప్రమాదం.

అల ఎందుకు విరుగుతుంది?

ఆ తీరాలకు చేరే పెద్ద అలలు అక్కడ పుట్టినవి కావు. దక్షిణాన వేల కిలోమీటర్ల అవతల, అంటార్కిటికా వైపు మహాసముద్రంలో రేగే తుపాన్లలో పుట్టి, రోజుల తరబడి ప్రయాణించి వస్తాయి. లోతు తగ్గేకొద్దీ అల అడుగు భాగం నెమ్మదిస్తుంది, పైభాగం లేస్తుంది. నీటి లోతు అల ఎత్తుకు దాదాపు 1.3 రెట్లకు తగ్గేసరికి అల విరిగి ముందుకు పడుతుంది.

ఈ లెక్క ఎందుకంటారా? మీటరు ఎత్తున్న అల విరిగే చోట నీళ్లు మీ నడుం లోతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. కిందపడితే నేల తగులుతుంది. ఆ నేల ఇసుకా, రాయా, పగడపు దిబ్బా అన్నదే అసలు ప్రశ్న. ఇసుకైతే మోకాలు గీరుకుంటుంది. పగడపు దిబ్బ అయితే కుట్లు పడతాయి. కొత్తవాళ్లు ఇసుక అడుగున్న చోటునే ఎంచుకోవాలి. "నాకు ధైర్యం ఎక్కువ" అన్నది ఇక్కడ చెల్లని మాట.

ఫోన్లో సర్ఫ్‌లైన్ లాంటి యాప్‌లు అలల అంచనా చెబుతాయి. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ కూడా హిందూ మహాసముద్రంలో అలల తీరు గురించి ముందస్తు సమాచారం ఇస్తుంది. వాటిలో ఎత్తు ఒక్కటే చూడకండి. రెండు అలల మధ్య ఎన్ని సెకన్ల వ్యవధి ఉందో కూడా చూడాలి. ఒకే మీటరు ఎత్తున్నా, 7 సెకన్లకొకటి వచ్చే అల కన్నా 14 సెకన్లకొకటి వచ్చే అలకు బలం చాలా ఎక్కువ.

ఎవరికి ఏ తీరం?

వెలిగామ: సింహళంలో 'వెలి' అంటే ఇసుక, 'గామ' అంటే ఊరు. పేరులోనే ఉంది జవాబు! విశాలమైన అఖాతం, ఇసుక నేల, నెమ్మదిగా విరిగే చిన్న అలలు. తీరం పొడవునా బోర్డులు గంటల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు, నేర్పేవాళ్లు కనిపిస్తారు. అసలు చిక్కల్లా రద్దీయే. పొద్దున్నే వెళ్తే కాస్త నయం. కొలంబో ఫోర్ట్ స్టేషన్లో మాతర వైపు వెళ్లే రైలెక్కితే సముద్రం ఒడ్డునే సాగి నేరుగా వెలిగామలో దింపుతుంది. ఈ రైలు ప్రయాణమే ఒక విహారం.

మిడిగామ, అహంగమ: వెలిగామకు పక్కనే. ఇక్కడ ఎక్కువగా రాతి, పగడపు దిబ్బల మీద విరిగే అలలు. నిలబడటం, మలుపు తిప్పడం వచ్చినవాళ్లకే. 'రామ్స్' అని పిలిచే చోట నీటి లోతు మరీ తక్కువ. మొదటి ప్రయాణంలో ఒడ్డున కూర్చుని చూడటానికే బాగుంటుంది.

ఆరుగం బే: తూర్పు తీరంలో పొత్తువిల్ పట్టణానికి పక్కనే ఉన్న చిన్న ఊరు. తమిళులు, ముస్లింలు, సింహళీయులు కలిసి బతికే చోటు. ఇక్కడి 'మెయిన్ పాయింట్' ప్రపంచంలోని సర్ఫర్లందరికీ తెలిసిన పేరు. 2019 సెప్టెంబరులో వరల్డ్ సర్ఫ్ లీగ్ పోటీలు జరిగాయిక్కడ. కానీ కొత్తవాళ్లకు కావాల్సింది దాని పక్కనున్న 'బేబీ పాయింట్', లేదంటే ఉత్తరాన ఉన్న 'విస్కీ పాయింట్'. కొలంబో నుంచి దాదాపు 320 కిలోమీటర్లు. రోడ్డు మీద ఏడెనిమిది గంటలు పడుతుంది. రైలు లేదు. వారం కన్నా తక్కువ సెలవుంటే అటు వెళ్లకపోవడమే మేలు.

మరో హెచ్చరిక. ఆరుగం బే చుట్టుపక్కల మడుగుల్లో మొసళ్లుంటాయి. 2017 సెప్టెంబరులో అక్కడికి దగ్గర్లోని ఎలిఫెంట్ రాక్ వద్ద ఒక బ్రిటిష్ యువకుడు మొసలి బారిన పడి చనిపోయాడు. కాళ్లు కడుక్కోవడానికైనా మడుగుల దగ్గరికి వెళ్లొద్దు. అడవి ఏనుగులూ తిరిగే ప్రాంతం కాబట్టి చీకటి వేళ శివారు దారుల్లో నడక కూడా వద్దు.

ఈత రాదా? అయితే ఆగండి

ఇక అమ్మ అడిగిన మొదటి ప్రశ్నకు వద్దాం. సముద్రంతో ఆటలేంటి?

మన ఇళ్లలో చాలామంది పిల్లలకు ఈత రాదు. వచ్చినా స్విమ్మింగ్ పూల్లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వెళ్లడం వరకే. "బోర్డు తేలుతుంది కదా, కాలికి తాడుంటుంది కదా" అంటారు. ఆ తాడు తెగొచ్చు. బోర్డు చేజారొచ్చు. అప్పుడు మిగిలేది మీ ఈతే. ఆగకుండా 200 మీటర్లు ఈదగలగాలి, లోతు నీళ్లలో పది నిమిషాలు ఆయాసపడకుండా తేలగలగాలి. ఇంట్లో ఈ నిబంధన పెట్టండి. ఇది పూర్తయ్యాకే టికెట్. రెండు మూడు నెలల ముందు మొదలుపెడితే ఎవరైనా నేర్చుకోగలరు.

బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ వెళ్లడానికి భుజాల్లో బలం కావాలి. నెలరోజుల ముందు నుంచీ దండీలు తీయడం మంచిది. వీలైతే విశాఖ రుషికొండలోనో, చెన్నై దగ్గరి కోవళంలోనో రెండు మూడు రోజులు సాధన చేసి చూడండి. ఇష్టమా, మోజా అన్నది అక్కడే తేలిపోతుంది. మోజైతే డబ్బూ మిగులుతుంది!

సముద్రంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి పెద్ద అలలు కావు. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి వెళ్లే బలమైన ప్రవాహాలు. వీటినే రిప్ కరెంట్లంటారు. రెండు వైపులా నురగ లేస్తుంటే మధ్యలో ఒకచోట అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపిస్తుంది. అమాయకులు అదే మంచి చోటనుకుని దిగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. కంగారు పడకుండా తేలుతూ చెయ్యెత్తి సాయం అడగాలి. ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక వెనక్కి రావాలి. ఈ నాలుగు వాక్యాలు పిల్లల చేత అప్పజెప్పించుకోండి. మన తీరాల్లోనూ పనికొస్తాయి.

గురువు, బోర్డు

తీరానికి వెళ్లగానే "రండి సార్, నిలబెట్టేస్తాం" అని చుట్టుముడతారు. డబ్బు మాట తర్వాత. ముందు ఈ నాలుగూ అడగండి. ఒక్కరి దగ్గర ఎంతమంది నేర్చుకుంటారు? ప్రాణరక్షణ, ప్రథమ చికిత్సల్లో శిక్షణ పొందారా? నీళ్లలోకి మీతో పాటు దిగుతారా, ఒడ్డు నుంచి కేకలేస్తారా? మెత్తటి ఫోమ్ బోర్డులున్నాయా? కొత్తవాళ్లకు ఎనిమిది అడుగులో, ఇంకాస్త పొడవో ఉన్న ఫోమ్ బోర్డే సరైనది. అందంగా కనిపించే చిన్న ఫైబర్ బోర్డు మీద నిలబడటం కష్టం, తగిలితే దెబ్బ గట్టిగా ఉంటుంది. ఇక్కడి నుంచి బోర్డు మోసుకెళ్లాల్సిన పని లేదు. విమానంలో దానికి పెట్టే ఖర్చు అక్కడి అద్దెకు సరిపోతుంది.

మొదటి రోజంతా నడుం లోతు నీళ్లలో, విరిగిపోయిన అలల నురగ మీదే సాధన. పడేటప్పుడు తలకిందులుగా దూకకూడదు. వెల్లకిలానో పక్కకో పడి, పైకి తేలేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోవాలి. అలకూ మీకూ మధ్య బోర్డు ఉండకూడదు. ఉంటే అది నేరుగా మొహానికే తగులుతుంది.

నీళ్లలో మర్యాదలూ ఉన్నాయి. అల విరగడం మొదలైన చోటికి ఎవరు దగ్గరుంటే అల వాళ్లది. మధ్యలో దూరడం ఆటోల మధ్యలోకి స్కూటర్ దూర్చడం లాంటిదే. తిట్లూ తప్పవు, దెబ్బలూ తప్పవు.

"ఎంతవుతుంది?"

ఇక నాన్న ప్రశ్న. ధరలు సీజన్‌ను బట్టి మారతాయి కాబట్టి ఖర్చుల పద్దు రాసుకోవడం నేర్చుకుందాం. విమానం టికెట్, వీసా, బస, తిండి, స్థానిక ప్రయాణం, బోర్డు అద్దె, నేర్పినవాళ్ల ఫీజు, బీమా. వీటన్నిటి మొత్తానికి మరో ఐదో వంతు కలిపి పక్కన పెట్టాలి. అనుకోనిది వస్తే ఆదుకునేది అదే.

వీసాకు బయల్దేరేముందే ఆన్‌లైన్లో అనుమతి తీసుకోవాలి. భారతీయులకు రుసుము నిబంధనలు ఇటీవలి ఏళ్లలో పలుమార్లు మారాయి. అందుకని శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మాత్రమే చూడండి. అచ్చం అలాగే కనిపించే నకిలీ సైట్లున్నాయి, జాగ్రత్త. పాస్‌పోర్టుకు కనీసం ఆర్నెల్ల గడువుండాలి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి కానీ, చిన్న ఊళ్లలో చేతిలో నగదు ఉండాల్సిందే.

స్కూటర్ అద్దెకు తీసుకోవాలని కుర్రాళ్లకు తహతహ. మన లైసెన్స్ ఒక్కటే అక్కడ చాలదు, స్థానిక అనుమతి కావాలి. అది లేకుండా ప్రమాదమైతే బీమా కంపెనీ పైసా ఇవ్వదు. అన్నట్టు, ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు సన్న అక్షరాలన్నీ చదవండి. చాలా పాలసీల్లో సాహస క్రీడలకు మినహాయింపు ఉంటుంది. సర్ఫింగ్‌కు వర్తిస్తుందని రాతపూర్వకంగా ఉంటేనే తీసుకోండి.

ఒంటి సంగతి

మలేరియా భయం లేదు. 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా రహిత దేశంగా ప్రకటించింది. కానీ డెంగీ ఉంది. దోమల మందు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. జ్వరం వస్తే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకుండా డాక్టరును కలవాలి. టెటనస్ టీకా ముందే వేయించుకోండి. వీధి కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పగడం గీరుకుంటే చిన్న గాయమే కదా అనుకోవద్దు. శుభ్రమైన నీటితో బాగా కడిగి, లోపల ముక్కలుంటే తీయించి, మందు రాయాలి. అది మానేదాకా నీళ్లలోకి దిగకూడదు. ఎండ సంగతి చెప్పేదేముంది... మనకు అలవాటే అనుకుంటాం కానీ, నీటి మీద పడి తిరిగొచ్చే ఎండ వేరు. ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల సర్ఫ్ చొక్కా వేసుకుంటే ఎండా తగలదు, బోర్డు రాపిడీ ఉండదు.

అత్యవసరమైతే 1990కి ఫోన్ చేయాలి. 'సువ సెరియ' అనే ఉచిత అంబులెన్స్ అది. 2016లో భారత ప్రభుత్వ సాయంతో మొదలైంది. హైదరాబాద్‌లో పుట్టిన మన 108ను నడిపిన సంస్థే దాన్ని అక్కడ నెలకొల్పడానికి తోడ్పడింది. అయితే అంబులెన్స్ వచ్చినా ఆసుపత్రి దూరం దూరమే. దక్షిణాన గాలెలో పెద్దాసుపత్రి ఉంది. ఆరుగం బే నుంచి అంపారలోని పెద్దాసుపత్రికి గంటకు పైగా ప్రయాణం. తీరం ఎంచుకునేటప్పుడు ఇదీ లెక్కలోకి తీసుకోవాలి.

వాళ్ల ఊరికి వెళ్తున్నాం

2004 డిసెంబరు 26 సునామీలో శ్రీలంకలో 30 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆరుగం బే దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. హిక్కడువ దగ్గర్లోని పెరలియ వద్ద ఒక రైలునే అల ముంచెత్తింది. భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినా ఫొటోలు తీస్తూ నిలబడకుండా ఎత్తైన చోటుకు పరుగెత్తాలని అక్కడి చిన్నపిల్లలకూ తెలుసు. మీరూ తెలుసుకోండి.

2009 దాకా అంతర్యుద్ధం. 2019 ఈస్టర్ నాటి బాంబు దాడులు. 2022లో పెట్రోలుకు రోజుల తరబడి క్యూలు కట్టిన ఆర్థిక సంక్షోభం. ప్రతిసారీ పర్యటకులు ఆగిపోయారు, తీరంలో బోర్డులు అద్దెకిచ్చే కుటుంబాల పొయ్యి ఆరింది. అక్కడ నేర్పే కుర్రాళ్లలో చాలామంది జాలరి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు సంపాదన ఆర్నెల్లే. మిగతా ఆర్నెల్లు కొందరు అవతలి తీరానికి వలస వెళ్తారు, కొందరు వలలు పట్టుకుంటారు. కాబట్టి వంద రూపాయల దగ్గర గంటసేపు గీచి గీచి బేరమాడకండి. పెద్ద రిసార్టు కన్నా ఊళ్లోవాళ్ల హోమ్‌స్టేలో దిగండి. అన్నం, పరిప్పు కూర, కొబ్బరి సంబోలు మన నోటికి ఇట్టే నచ్చుతాయి.

ఆరుగం బేలో ఆడపిల్లలు అలలెక్కడం ఒకప్పుడు వింత. ఇళ్లలో ఒప్పుకునేవారు కాదు, ఊళ్లో మాటలనేవారు. అలాంటి చోట 2018లో ఆ దేశంలోనే తొలి మహిళా సర్ఫ్ క్లబ్ పుట్టింది. మీ అమ్మాయి వెళ్తానంటే ఈ సంగతి మీకు కాస్త ధైర్యాన్నివ్వాలి.

మర్యాదలు మరచిపోవద్దు. తడి బట్టలతో, ఈత దుస్తులతో ఊళ్లో తిరగకూడదు. బుద్ధుడి విగ్రహానికి వీపు చూపించి సెల్ఫీ దిగడం అక్కడ పెద్ద తప్పు. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉన్నందుకు ఒక బ్రిటిష్ పర్యటకురాలిని వెనక్కి పంపేశారు. పౌర్ణమి రోజు 'పోయ' సెలవు. మద్యం అమ్మరు. తూర్పున "నండ్రి", దక్షిణాన "స్తుతి" అంటే చాలు, మొహాలు విప్పారతాయి.

ఎనిమిది రోజులకు ఒక నమూనా

జనవరిలో వెలిగామకు అనుకుందాం. మొదటి రోజు కొలంబోలో దిగి, రైల్లో వెలిగామకు. రెండో రోజు, మూడో రోజు పొద్దున్నే రెండేసి గంటల పాఠం, మధ్యాహ్నం నిద్ర. నాలుగో రోజు బోర్డు ముట్టుకోవద్దు. భుజాలు పట్టేసి ఉంటాయి. గాలె కోట చూసి రండి. ఐదు, ఆరు రోజుల్లో మళ్లీ పాఠాలు. ఏడో రోజు ఖాళీ. అలలు బాగోక పోగొట్టుకున్న రోజుకు బదులు అది. ఎనిమిదో రోజు తిరుగు ప్రయాణం. సర్ఫింగ్ చేయని పెద్దలు వెంట వెళ్లినా విసుగుండదు. ఆ నెలల్లో మిరిస్స నుంచి పడవలో వెళ్తే తిమింగలాలు కనిపించవచ్చు.

ఇంట్లో అందరూ ఒప్పుకోవాల్సిన షరతు మాత్రం ఒకటుంది. ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదు. నేర్పే మనిషి "ఈరోజు వద్దు" అంటే ఆ రోజు వద్దు. విమానం టికెట్‌కు డబ్బు పోశాం, సెలవు అయిపోతోంది అని వాదించకూడదు. అలలు రేపూ వస్తాయి, ఎల్లుండీ వస్తాయి.

ఈ షరతుకు మీ అబ్బాయో అమ్మాయో మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే... రేపు పొద్దున్నే దగ్గర్లోని స్విమ్మింగ్ పూల్‌కు తీసుకెళ్లి చేర్పించండి. శ్రీలంక ప్రయాణం అక్కడి నుంచే మొదలు!